పెద్దాకు ఏ రంగు?

మెంగ్ సున్‌రే నోటి నుంచి ధర విన్నవాళ్ళు మా గ్వాంగ్‌చన్ సంతలో లేరు. ముప్పై ఏళ్ళుగా ఆవిడ పక్క కొట్లో ఉప్పురొయ్యలు అమ్ముతున్న నేనే వినలేదంటే ఇక మిగతావాళ్ళ సంగతి చెప్పేదేముంది. ఆవిడ గిమ్, అంటే సముద్రపు నాచు ఆకులు, కాల్చి అమ్ముతుంది. ఎంత అని అడిగితే పెనం మీద నుంచి కళ్ళెత్తదు. "మీకు తోచినంత ఇవ్వండి" అంటుంది, అంతే.

మా చుంగ్‌చంగ్ ప్రాంతం వాళ్ళమంతా కొంచెం ఆ బాపతే అనుకోండి. ధర మొహాన చెప్పడం మోటు, మొహాన అడగడం ఇంకా మోటు. అయినా నేను రెండోసారి అడిగితే చెప్పేస్తాను. నాకు ఓపిక తక్కువ, పైగా మా ఆయన మందుల ఖర్చు నాకే తెలుసు. సున్‌రే అక్క మాత్రం తల తీసినా చెప్పదు.

సియోల్ నుంచి వచ్చినవాళ్ళతో ఆవిడ బేరం చూసి తీరాలి.

"ఈ గిమ్ కట్ట ఎంతమ్మా?"

"ఎంతని చెప్తామండీ. మీకు తోచినంత ఇవ్వండి."

"తోచినంత అంటే?"

"తోచినంతేనండి."

పాపం ఆ మనిషి బుర్ర గోక్కుని ఐదువేల నోటొకటి పెనం పక్కన పెడతాడు. అక్క దాన్ని తాకదు. కట్టని మెల్లిగా తన వైపుకి లాక్కుంటుంది.

"వొద్దులెండి. ఇంటికట్టుకెళ్ళి ఆవుకేసేత్తాను."

ఆ మాట అనేటప్పుడు గొంతులో కోపం ఇసుమంతైనా ఉండదు. ఆ మనిషి చెవులదాకా ఎర్రబడి, ఇంకో నోటు పెట్టి, దాని మీద మరో రెండు నీలం వెయ్యి నోట్లు పెట్టి, కట్ట తీసుకుని గబగబా వెళ్ళిపోతాడు. "ఏదో, మీ అభిమానం" అంటుంది అక్క వెనకనుంచి.

సున్‌రే అక్కకి ఆవు లేదు. ఎప్పుడూ లేదు. ఆవిడ ఉండేది అపార్ట్‌మెంటులో, రెండో అంతస్తులో.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను, ధర చెప్తే నీ సొమ్మేం పోయిందని. "నా చేతి పని విలువ నేనే చెప్పుకుంటే ఏం బావుంటదే? అది ఎదుటోళ్ళు చెప్పాలి గానీ" అంది. నాకు ఒళ్ళు మండింది. ఎదుటోళ్ళు చెప్పేదాకా కూర్చుంటే నా రొయ్యలు పురుగులు పడతాయి.

ఆ చేతి పని గురించి చెప్పాలి. గిమ్ అంటే నాచుని అప్పడంకన్నా పల్చగా ఎండబెట్టిన నల్లటి ఆకు. దానికి నువ్వుల నూనె రాసి, ఉప్పు చల్లి, పెనం మీద వేసి, నలుపు పచ్చబడే క్షణాన తిప్పాలి. అందరం పట్టకారుతో తిప్పుతాం. ఆవిడ వేళ్ళతో తిప్పుతుంది. పట్టకారుకి ఆకు మనసు తెలియదంటుంది. కొన్నేళ్ళ క్రితం మండల ఆఫీసులో వేలిముద్ర కోసం మిషన్ మీద బొటనవేలు పెట్టమన్నారు. మిషను ఊరుకుంది. ఇంకో వేలు, ఇంకో వేలు. పది వేళ్ళకీ గీతలు అరిగిపోయాయి, అద్దంలా ఉన్నాయి. నేను పక్కనే ఉన్నాను. ఆఫీసు పిల్ల నోరు తెరిచింది. నాకైతే దణ్ణం పెట్టాలనిపించింది. అక్క మాత్రం చేతులు ఏప్రాన్‌కి తుడుచుకుని "మరేం జెయ్యమంటారండీ" అంది, తప్పు తనదైనట్టు.

ఆవిడ కొడుకూ కోడలూ గొజే ఓడల కార్ఖానాలో ఇద్దరూ షిఫ్టుల్లో పనిచేస్తారు. అందుకని మనవరాలు ఇరేని నానమ్మ దగ్గర ఉంచారు. పోయిన మార్చిలో ఒకటో తరగతిలో వేశారు. బడి అయ్యాక పెనం వెనకాల బల్ల మీద కూర్చుని రాసుకుంటుంది, గిమ్ తింటుంది, వచ్చేపోయేవాళ్ళని ప్రశ్నలతో చంపుతుంది. బళ్ళో సంత ఆట పెడుతున్నారు, నోట్లూ నాణేలూ గుర్తుపట్టడం నేర్పి పంపమన్నారు టీచరు.

"ధర చెప్పని మనిషి డబ్బు నేర్పుద్దా? ఆయ్, చూడాల్సిందే!" అన్నాను నేను.

"నీ నోట్లో ఉప్పురొయ్యలు కుక్కా. చూడవే" అంది అక్క.

నడుముకి కట్టుకున్న జిప్పుల సంచిలోంచి ముందు నాణేలు తీసి వరసగా పేర్చింది. పదికి రాతి గోపురం, యాభైకి వరికంకి, వందకి సేనాపతి, ఐదువందలకి రెక్కలు చాపిన కొంగ. ఇరే కొంగని పట్టుకుని వదల్లేదు. తరవాత నోట్లు. నీలం ఆకు మీద తలగుడ్డ పెట్టుకున్న పంతులుగారు, అది వెయ్యి. పండిన పర్సిమన్ పండు లాంటి నారింజ రంగు దాని మీద ఇంకో పంతులుగారు, అది ఐదువేలు. పచ్చాకు మీద మన అక్షరాలు చేసిన రాజుగారు, అది పదివేలు. పసుపుపచ్చ ఆకు మీద కొప్పు ముడుచుకున్నావిడ, అది యాభై వేలు.

"ఈవిడెవరు నానమ్మా?"

"ఇదిగో, ఈ ఐదువేలాయన తల్లి."

"నిజంగా? అమ్మా కొడుకూ ఇద్దరూ నోట్ల మీదకెక్కారా?"

అక్క పసుపు నోటు పక్కన ఐదువేల నోట్లు ఒక్కొక్కటే పెడుతూ పోయింది. తన దగ్గరున్నవి అయిపోతే నా గల్లాపెట్టెలోవి అడిగి మరీ పెట్టింది. పిల్ల వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది. కళ్ళు ఇంతలేసి చేసుకుని, "పదిమంది కొడుకులు కలిస్తే ఒక అమ్మ!" అని అరిచింది.

సంతంతా వినబడింది. చేపలమ్మే మగాళ్ళు కూడా నవ్వారు. ఇన్నేళ్ళుగా ఆ రెండు నోట్లూ తడి చేత్తో లెక్కపెడుతున్నాను, నాకెప్పుడూ తట్టలేదు. ఆ పూటే బుసాన్‌లో ఉన్న మావాడికి ఫోన్ చేసి ఆ లెక్క చెప్పాను. వాడు మీటింగులో ఉన్నానన్నాడు.

మా వైపు గిమ్మునైనా నోటునైనా చెక్కునైనా ఒకే మాటతో లెక్కపెడతాం, ఆకు అని. నూరు గిమ్ ఆకులు ఒక కట్ట. బ్యాంకులో నోట్లూ అంతే, నూరాకులు ఒక కట్ట. ఇది తెలిసిన రోజు నుంచి ఇరేకి గిమ్ కట్టలే డబ్బు కట్టలు. పచ్చాకులు నూరైతే పది లక్షల వొన్‌లు గనక ఒక్కో గిమ్ కట్టా పది లక్షలు. పది కట్టలు పేర్చి "నానమ్మా, నీకు కోటి వచ్చింది" అనేది.

కోటి అనగానే మీరు గుండెలు బాదుకోకండి. గిన్నెడు సేమ్యా పులుసు తొమ్మిది వేలకి తక్కువ దొరకని ఊళ్ళో మాట్లాడుతున్నాం.

అయితే ఆకు అనే మాటలో ఒక చిక్కుంది. మేం అంకె చెప్పం గదా, "ఒక్కాకిచ్చెయ్యండి" అంటాం. ఎంతాకో ఎదుటివాడే ఊహించుకోవాలి. పిల్లలకైతే వెయ్యి. కూరల దగ్గర పదివేలు. పెళ్ళి కానుక దగ్గర ఇంకా పెద్దది. ఇరేకి ఇది అస్సలు మింగుడుపడలేదు. ఎవరు ఆకు అన్నా "ఏ రంగు?" అని అడిగేది. గొడుగులు బాగుచేసే ఆయన "ఒక్కాకియ్యి బంగారం" అంటే, "ఏ రంగండీ?" అంది. ఆయన నీళ్ళు నమిలి "నీలం" అన్నాడు. నీలం ఆకుకే గొడుగు బాగుచేయించుకున్న మనిషి సంతలో అదొక్కతే.

"అలా అడక్కూడదమ్మా, తప్పు" అనేది అక్క.

"మరెలా తెలుస్తుంది?"

అక్క దాని చేతిలో ఒక గిమ్ ముక్క పెట్టింది.

శరదృతువు రాగానే కొట్టు యజమాని ప్యో గ్యూసొప్ గారు చనాన్ నుంచి ఫోన్ చేశారు. వాళ్ళ నాన్న చూసుకునే రోజుల్లో అక్కకి అద్దెకిచ్చిన కొట్టు అది. ఈయన ఇక్కడే పుట్టి పెరిగి తరవాత చనాన్ వెళ్ళిపోయాడు. కొట్టు అమ్మేస్తాడట. కాఫీ కొట్టు పెట్టుకోవడానికి సియోల్ వాళ్ళెవరో అడుగుతున్నారట. కానీ నాన్న ఇచ్చిన మనిషిని కాదని బయటివాళ్ళకివ్వడం బాగోదు కాబట్టి ముందు అక్కని అడుగుతున్నాడట.

అక్క ఫోన్ పెట్టేసి నా దగ్గరికొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"పెద్దాకు ఒక్కటి ఇస్తే చాలన్నారే!"

"పెద్దాకంటే ఎంతక్కా?"

"ఎంతేంటే? కోటి."

ఎందుకు కోటి అనుకుందో నాకు తెలుసు. వాళ్ళాయన రాళ్ళ లారీ నడుపుతూ బోరియాంగ్ మలుపులో పోయినప్పుడు కంపెనీవాళ్ళు కోటి వొన్‌ల చెక్కొకటి ఇచ్చారు. ఒకే ఒక్క ఆకు. ఆవిడ చేతిలో పడ్డ పెద్దాకు అదే. దాంతో కొడుకుని చదివించింది. ఆ తరవాత పెనం మీద వంగి వంగి మళ్ళీ సరిగ్గా అంతే కూడబెట్టింది. ఇన్నాళ్ళూ ఎందుకు దాచిందో ఆవిడకే తెలియదు. ఇప్పుడు తెలిసిందనుకుంది.

ఇంటికెళ్ళి మా ఆయనకి చెప్పాను. ఆయన చెంచా కింద పెట్టేశాడు. "పిచ్చిదానా, ఇళ్ళూ స్థలాలూ అమ్ముకునేవాళ్ళ నోట పెద్దాకంటే పది కోట్లే" అన్నాడు.

మర్నాడు పెనం అంటించకముందే వెళ్ళి చెప్పాను. అక్క నూనె కుంచె చేతిలో తిప్పుతూ నిలబడింది.

"ఫోన్ చేసి అడుగక్కా. ఎంతండీ అని ఒక్క మాట."

"ఎలా అడుగుతానే, సిగ్గు లేకుండా? పెద్దాయన నోరు తెరిచి ఒక మాటన్నాక?"

"మరి కొట్టు పోతే?"

ఆవిడ వెనక్కి చూసింది. బల్ల మీద ఇరే నాలుక బయటపెట్టి అక్షరాలు దిద్దుకుంటోంది. కొట్టు పోతే పెనం పోతుంది. పెనం పోతే పిల్లని ఉంచుకోవడానికి ఆధారం పోతుంది, గొజేలో రాత్రీ పగలూ షిఫ్టుల మధ్య ఆ పిల్ల ఏమవ్వాలి? ఇదంతా ఆవిడ అనలేదు. "ఆయన కూడా కోటే అనుంటారులే" అంది. నమ్మకం లేని గొంతుతో.

ప్యో గారు సంతరోజునే వచ్చారు. బూడిదరంగు టోపీ, మంచి కోటు. కొట్టు ముందు బల్ల మీద కూర్చోబెట్టి బార్లీ టీ ఇచ్చింది అక్క. కాసేపు వానల గురించి, ఈ ఏడు రొయ్యల గురించి, వాళ్ళ నాన్న నడుంనొప్పి గురించి మాట్లాడుకున్నారు. నా కొట్లో నేను తూచిన రొయ్యలే మళ్ళీ మళ్ళీ తూస్తున్నాను. ఈ మనుషులు ఎప్పటికి అసలు మాటకొస్తారు దేవుడా అని నాలో నేనే గొణుక్కుంటున్నాను.

చివరికి అక్క కోటి చెక్కున్న కవరు తీసి రెండు చేతులతో ఆయన ముందు పెట్టింది. ఆయన చెక్కు బయటికి తీసి చూశారు. మళ్ళీ కవర్లో పెట్టారు. టీ తాగారు. కప్పు కింద పెట్టి, కవరు మెల్లిగా అక్క వైపు జరిపారు.

"ఉంచండమ్మా" అన్నారు ఎంతో మర్యాదగా. "ఇంటికట్టుకెళ్ళి ఆవుకెయ్యండి."

ఎన్ని వందల మందికి ఆ మాట చెప్పిందో అక్క. తిరిగి తనకే తగలడం అదే మొదటిసారి. మొహం పాలిపోయింది. ఎంతనుకున్నారండీ, ఎంత కావాలండీ అని అడగడానికి మాలో ఒక్కరికీ నోరు పెగల్లేదు. నాకు కూడా. ఓపిక లేనిదాన్నని చెప్పానే, ఆ నాకు కూడా.

బల్ల వెనకనుంచి ఇరే లేచి వచ్చింది.

"తాతగారండీ, మీ పెద్దాకు ఏ రంగు?"

"ఇరే!" అంది అక్క.

ప్యో గారు పిల్ల వైపు చూశారు. "దానికి... రంగుండదమ్మా."

"రంగు లేకపోతే ఆకెలా అవుద్దండీ?"

"అలాంటి ఆకు అచ్చెయ్యలేదు. నేనూ ఎప్పుడూ చూళ్ళేదు."

"అయితే పచ్చాకులైతే ఎన్నండీ?"

ఆయన టోపీ సర్దుకున్నారు. చుట్టూ చూశారు. పిల్ల జవాబు కోసం నిలబడే ఉంది. ఇక తప్పలేదు.

"పదివేలు."

"పదివేల పచ్చాకులా?"

"ఊఁ."

ఇరే పెదాలు కదుపుతూ లెక్క కట్టింది. "నూరు కట్టలు!" అని గోడ వైపు వెళ్ళింది. అక్కడ కాల్చని ఎండు గిమ్ కట్టలు వరసగా ఉన్నాయి. ఒకటి తెచ్చి ప్యో గారి ముందు బల్ల మీద పెట్టింది. ఇంకోటి తెచ్చింది. పది అయ్యాక "ఇది మా నానమ్మ ఇచ్చిందండి" అని చెక్కు కవరు ఆ దొంతర మీద పెట్టింది. ఎంతో చక్కగా పెట్టింది. తరవాత పక్కన రెండో దొంతర మొదలుపెట్టింది.

ఆపుదామని అక్క చేయి చాపింది, కానీ ప్యో గారే వద్దన్నట్టు తలూపారు. మూడో దొంతర, నాలుగోది. బల్ల నిండితే దాని ముందు నేల మీద గోనె పరిచి పేర్చింది. కొట్లో కట్టలు అయిపోయాయి. పిల్ల బిక్కమొహం వేసుకుని నిలబడింది. అప్పుడు ఎదురు కొట్టు గిమ్మాయన ఒక్క మాట మాట్లాడకుండా చంకలో ఐదు కట్టలు పెట్టుకొచ్చి ఇచ్చాడు. అవతలి వరస నుంచి ఇంకొకావిడ తెచ్చింది. చేపలవాళ్ళు కత్తులు కింద పెట్టి వచ్చి నిలబడ్డారు. నేనూ రొయ్యల పీపా ఖాళీ చేసి బోర్లించాను, ఆఖరి కట్టలు అందడానికి ఇరే దాని మీదకెక్కింది. నూరో కట్ట పెట్టేసరికి ప్యో గారు మాకు కనిపించడం మానేశారు. నల్లగోడ వెనక బూడిదరంగు టోపీ అంచు మాత్రం కనబడుతోంది.

పది కోట్లన్న మాట టీవీలో రోజూ వింటాను. అదెంతుంటుందో ఆ రోజు చూశాను. పెద్దాకు ఒక్కటి అని ఎంత తేలిగ్గా అనేశారు ఆయన, ఒక్క ఊపిరిలో! అది మనిషిని మింగేసేంత ఉంది.

సున్‌రే అక్క పెనం కింద మంట ఆర్పేసింది. సంతరోజు మధ్యలో ఆవిడ మంట ఆర్పడం నేను ఎరగను. చేతులు తుడుచుకుని బయటికొచ్చి ఆ గోడ ముందు నిలబడింది. గీతల్లేని అరచేయి దాని మీద పెట్టి ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచింది. ఏడుస్తుందనుకున్నాను. ఆవిడ మొహంలో ఉన్నది ఏడుపు కాదు, ఆశ్చర్యం.

"ఇంతేనా?" అంది.

అందరం ఆవిడ వైపు తిరిగాం.

"నూరు కట్టలంటే ఇంతేనా? ఇది నాలుగు సంతల పనే నాకు. ఒసేయ్, ముప్పై ఏళ్ళు చేశాను నేనిది!"

ఆ మాట నాతోనే అంది గానీ నాకు చెప్పినట్టు లేదు. నేను ఆ ముప్పై ఏళ్ళ కట్టల్ని ఊహించుకోబోయాను. సంత వీధి చాలదు, స్టేషను దాకా పేర్చాలి. ప్రతి ఆకూ ఆ వేళ్ళతోనే తిరిగింది. పొట్టిగా, ఏప్రాన్ కట్టుకుని, నూనె వాసన వేస్తూ నా పక్కన నిలబడ్డ ఈ మనిషిని ఇన్నాళ్ళూ నేనసలు చూడనే లేదనిపించింది.

అక్క గోడలోంచి నాలుగు దొంతరలు పక్కకి తీసి పెట్టింది. వెనక ప్యో గారి మొహం బయటపడింది.

"నాలుగు కోట్లండి" అంది.

నా చేతిలోంచి గరిటె జారిపడింది. అంకె! సున్‌రే నోటి నుంచి అంకె!

"మీ కొట్టు అంతకి మించి చెయ్యదు. కావాలంటే సంతలో ఎవర్నైనా అడగండి. కోటి ఇదిగో, మిగతా మూడూ అద్దె ఇచ్చినట్టే నెలనెలా ఇచ్చేత్తాను. ముప్పై ఏళ్ళలో ఒక్క నెల ఆపలేదు, మీ నాన్నగారికి తెలుసు. అంతకి మించి ఒక్క ఆకివ్వను. నీలమైనా ఇవ్వను."

అది నిజమే. ఆ కొట్టు ఐదు కోట్లు కూడా పలకదని మా అందరికీ తెలుసు, ప్యో గారికీ తెలుసు. అడిగేటప్పుడు అలా అడుగుతారు, అంతే. అవతలివాళ్ళు నోరు విప్పి అంకె చెప్పేదాకా.

ప్యో గారు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. పక్కన పళ్ళెంలోంచి కాల్చిన గిమ్ ముక్క తీసుకుని నోట్లో వేసుకుని నమిలారు. చాలాసేపు నమిలారు. మా చుంగ్‌చంగ్ వాళ్ళు గిమ్ కూడా అంతసేపు నమలగలరు.

"నేనైతే..." అన్నారు చివరికి, "ఇది ఇంటికట్టుకెళ్ళి ఆవుకే వేద్దామనుకున్నానండి."

వేళ్ళకంటిన ఉప్పు దులుపుకున్నారు.

"కానండీ, ఆవుని మొన్ననే అమ్మేశాను."

గోడ మీద నుంచి చెక్కు కవరు రెండు చేతులతో తీసుకుని, వంగి నమస్కారం చేసి, కోటు లోపలి జేబులో పెట్టుకున్నారు.

ఆ తరవాత అక్క వెళ్ళి మళ్ళీ పెనం అంటించింది. మనుషులంతా ఎవరి కట్టలు వాళ్ళు తీసుకెళ్ళారు. ఇరే పీపా దిగి, "తాతగారికి నిజంగా ఆవుండేదా మామ్మా?" అని నన్ను పీకుతోంది. అక్క వేసిన మొదటి ఆకే మాడిపోయింది. ముప్పై ఏళ్ళలో ఆవిడ పెనం మీద మాడిన ఆకు నేను చూడ్డం అదే మొదలు. దాన్ని వేళ్ళతో తీసి నాకందించింది.

"ఆవుని అమ్మేశారంట. నువ్వు తినెయ్యవే."

తిన్నాను. చేదుగా ఉంది. ఏడుస్తూనే ముక్క మిగల్చకుండా తిన్నాను.